ఏ ఇంటికి ఎవరిని పంపాలి

ఇంగ్లండ్‌లో ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు వారానికోసారి ఒక వాలంటీర్‌ను తోడు పంపే చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను కోఆర్డినేటర్‌ని. ఈ పద్ధతికి మూలం 1973లో లెస్టర్‌లో మార్గరెట్ హారిసన్ మొదలుపెట్టిన హోమ్-స్టార్ట్. పిల్లల్ని పెంచిన అనుభవం ఉన్న మామూలు మనిషి వారానికి రెండు మూడు గంటలు మరో తల్లి ఇంటికి వెళ్లి తోడుగా ఉంటారు. వైద్యం చెయ్యరు, ఇల్లు తుడవరు, పిల్లను నేను చూసుకుంటాను మీరు ఆఫీసుకు వెళ్లిరండి అనరు. చెప్పుకుంటే ఇంతే. కానీ ఏ ఇంటికి ఎవరిని పంపాలన్న దగ్గరే అసలు పనంతా ఉంది. అక్కడ తొందరపడితే మూడో వారానికే తల్లి తలుపు తియ్యడం మానేస్తుంది.

మేం తిరిగే రెడింగ్, స్లౌ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో కష్టం ఎప్పుడు మొదలవుతుందో దాదాపు ముందే చెప్పొచ్చు. పురుడు పొయ్యడానికి అమ్మో అత్తగారో విజిటర్ వీసా మీద వస్తారు. ఆ వీసాతో ఒక్కసారికి 6 నెలలకు మించి ఉండనివ్వరు. కాన్పుకు ముందే వచ్చేస్తారు కాబట్టి బిడ్డకు నాలుగో నెలో ఐదో నెలో వచ్చేసరికి తిరుగు ప్రయాణం. భర్తకు చట్టప్రకారం దొరికే రెండు వారాల పెటర్నిటీ లీవు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అప్పటిదాకా బిడ్డకు స్నానం పోసే మనిషి, వేడన్నం వడ్డించే మనిషి ఉన్న ఇంట్లో ఒక సోమవారం పొద్దున తల్లీబిడ్డా మాత్రమే మిగులుతారు. చలికాలమైతే సాయంత్రం నాలుగింటికే చీకటి. తెలుగు పేర్లతో మాకు రెఫరల్స్ (ఫలానా ఇంటికి తోడు కావాలని రాసి పంపే కాగితాలు) ఎక్కువగా వచ్చేది ఈ దశలోనే.

రెఫరల్ పంపేవాళ్లలో హెల్త్ విజిటర్లు, అంటే పసిపిల్లల ఆరోగ్యం చూసే నర్సులు, ముందుంటారు. బిడ్డ పుట్టిన 10–14 రోజుల్లో ఒకసారి, 6–8 వారాలకు ఒకసారి, ఏడాది లోపు ఒకసారి, రెండు రెండున్నరేళ్లకు ఒకసారి వాళ్లు ప్రతి బిడ్డనూ చూడాలి. కాన్పు తర్వాత తల్లి మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల కాగితం ఒకటి వాడతారు. అందులో మార్కులు ఎక్కువొస్తే జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకు) రాస్తారు, తోడు కూడా అవసరమనిపిస్తే మాకు రాస్తారు. జీపీలు, సోషల్ వర్కర్లు, నర్సరీలు కూడా పంపుతారు. తల్లి తనంతట తానే ఫోన్ చెయ్యొచ్చు.

రెఫరల్ కాగితం చేతికి రాగానే ముందు చూడాల్సింది ఇది: తన పేరు మాకు పంపినట్టు ఆ తల్లికి తెలుసా? తెలియకుండా పంపిన కాగితాన్ని పంపినవాళ్లకే తిప్పి పంపిస్తాం. రెండో చూపు భాష గడి మీద. అక్కడ 'ఇండియన్' అనో 'హిందీ' అనో రాసి ఉంటుంది. కర్నూలు నుంచో కాకినాడ నుంచో వచ్చిన అమ్మాయికి హిందీ ఇంటర్‌ప్రెటర్‌ను పెడితే ఆమె మర్యాదకు తల ఊపుతుంది తప్ప సగం మాటలు అర్థం కావు. కాబట్టి పంపినవాళ్లకు ఫోన్ చేసి ఇంట్లో మాట్లాడే భాష ఏమిటి, చదవగలిగే భాష ఏమిటి అని విడివిడిగా అడుగుతాం.

ఫోన్ చేసే ముందు మెసేజ్ పెట్టాలి. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎవరూ ఎత్తరు, ముఖ్యంగా వీసా పేరు చెప్పి డబ్బు గుంజే మోసగాళ్ల భయంతో. మేం ఎవరం, మీ నంబరు మాకు ఎవరిచ్చారు, రేపు ఎన్నింటికి చేస్తాం అన్న మూడు ముక్కలు రాస్తే చాలు. 'మీరు డిప్రెషన్‌లో ఉన్నారని' లాంటి మాట ఆ మెసేజ్‌లో ఉండకూడదు. ఆ ఫోన్‌ను ఇంకెవరైనా చూడొచ్చు.

ఆ తర్వాత మొదటిసారి ఇంటికి వెళ్లేది కోఆర్డినేటరే. వాలంటీర్‌ను వెంట తీసుకెళ్లం. గంట, గంటన్నర పడుతుంది. తెలుగు ఇళ్లలో ఈ మొదటి గంట ఎలా నడుస్తుందంటే, భర్త వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని పక్కనే కూర్చుంటాడు, అడిగిన ప్రతిదానికీ ఆయనే జవాబు చెబుతాడు. చాలాసార్లు అది ఆప్యాయతే, భార్యకు ఇంగ్లీషు ఇబ్బంది అవుతుందని. అయినా తల్లితో ఒంటరిగా పావుగంటైనా మాట్లాడకుండా మేం మ్యాచింగ్ దాకా, అంటే ఆ ఇంటికి తగిన వాలంటీర్‌ను ఎంచే దాకా వెళ్లం. భాష రాకపోతే ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టుకుంటాం కానీ భర్తనో అత్తగారినో అనువాదం చెప్పమనం. ఇంట్లో చెయ్యి చేసుకోవడం, డబ్బు ఇవ్వకపోవడం, పాస్‌పోర్టు దాచెయ్యడం లాంటివేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న ఆ ఒంటరి పావుగంటలోనే అడగాలి. ఇంకెవరైనా వినేచోట అడిగితే ఆమెకు ముప్పు తెచ్చినవాళ్లమవుతాం.

'మీకు ఏం సాయం కావాలి?' అని అడిగితే మనవాళ్ల నుంచి వచ్చే జవాబు 'ఏం లేదండీ, అంతా బాగానే ఉంది'. ఆ ప్రశ్నకు ఇంకో జవాబు రాదు. అందుకని ఇలా అడుగుతాం: 'నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం జరిగిందో వరసగా చెప్పండి.' అప్పుడు మాటలు వస్తాయి. ఐదింటికి బాబు లేచాడు, ఏడున్నరకు ఆయన రైలు, ఎనిమిదింటికి పెద్దదానికి యూనిఫాం వేస్తుంటే చిన్నోడు ఏడుపు, వర్షంలో ప్రామ్ తోసుకుంటూ బడికి, తిరిగొచ్చాక టిఫిన్ తినలేదు, మధ్యాహ్నం నిలబడే పెరుగన్నం తిన్నాను, మూడింటికి మళ్లీ బడికి, నాలుగు నుంచి ఏడు దాకా ఇద్దరూ ఒకేసారి. వినేవాళ్లకు ఆ రోజులో ఎక్కడ తెగిపోతోందో కనిపిస్తుంది. వాలంటీర్ ఏ రోజు, ఏ వేళకు వెళ్లాలో దాన్నిబట్టే రాసుకుంటాం. ఈ తల్లికి మంగళవారం పదకొండింటికి వచ్చే మనిషి వల్ల పెద్ద ప్రయోజనం లేదు. మూడింటికి వచ్చి బడి దాకా కలిసి నడిచి, ఐదింటిదాకా ఉండే మనిషి కావాలి.

అదే రోజు చెప్పేయాల్సిన మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి. మేం వీసాలు చూసే హోం ఆఫీసు వాళ్లం కాదు. వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్ లేవు' (ప్రభుత్వ భృతులు తీసుకోకూడదు) అన్న షరతు ఉన్నవాళ్లు ఈ సాయం తీసుకోవచ్చు, స్వచ్ఛంద సంస్థ ఇచ్చే తోడు పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకి రాదు. మీరు చెప్పింది మా దగ్గరే ఉంటుంది, కానీ పిల్లలకు హాని ఉందనిపిస్తే కౌన్సిల్ పిల్లల విభాగానికి చెప్పక తప్పదు, వీలైనంతవరకు ముందు మీకు చెప్పే చెబుతాం. ఈ చివరి మాట విని ముఖం మారేవాళ్లుంటారు. సోషల్ సర్వీసెస్ వాళ్లు పిల్లల్ని తీసుకుపోతారన్న కథలు మన వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతాయి. భయపడతారు కదా అని దాచకూడదు. తర్వాత తెలిస్తే అప్పుడు పోయేది నమ్మకం.

ఇక వాలంటీర్ల వైపు. దరఖాస్తు, ఇద్దరి నుంచి రిఫరెన్సులు, ఇంటర్వ్యూ, ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ తనిఖీ (నేరచరిత్ర ఉందా అన్న ప్రభుత్వ తనిఖీ), శిక్షణ. వాలంటీర్లకు డీబీఎస్ రుసుం ఉండదు. గత 5 ఏళ్ల చిరునామాలన్నీ తేదీలతో సహా, నెల కూడా ఖాళీ లేకుండా రాయాలి. మనవాళ్ల దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే: హైదరాబాద్‌లో పీజీ హాస్టల్లో ఉన్న మూడు నెలలు, ఇక్కడికి వచ్చిన కొత్తలో స్నేహితుల ఇంట్లో ఉన్న నెల రాయరు. పాస్‌పోర్టులో పేరు ఒకలా, బ్యాంకు కాగితంలో ఇంటిపేరు ముందూ వెనకా అయి ఇంకోలా ఉంటే ఇంకో రెండు వారాలు ఆలస్యం. పైగా డీబీఎస్‌లో ఇండియాలోని కేసులు కనిపించవు. ఈమధ్యే వచ్చినవాళ్లయితే ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతాం. పాస్‌పోర్టు పని చూసే కేంద్రంలోనే ఇక్కడినుంచే దానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

వీసా కూడా చూడాలి. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు నిక్షేపంగా చెయ్యొచ్చు. స్టూడెంట్ వీసా వాళ్లకు వారానికి పని గంటల పరిమితి ఉంది కాబట్టి యూనివర్సిటీ వీసా విభాగాన్ని అడిగి రమ్మంటాం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎంతో ఆశగా అడుగుతారు, పిల్లల్ని పెంచడంలో వాళ్లంత అనుభవం ఎవరికుంటుంది! కానీ ఆ వీసా మీద రిజిస్టరైన చారిటీకి మొత్తం 30 రోజులకు మించి సేవ చెయ్యకూడదు. మా మ్యాచ్ ఒకటి కనీసం ఆరు నెలలు నడుస్తుంది. కుదరదని మొదటి ఫోన్‌లోనే చెప్పేయడం మంచిది.

శిక్షణ మా దగ్గర వారానికో పూట చొప్పున పది వారాలు. పిల్లల రక్షణ, గోప్యత, వినడం, పురిటి తర్వాతి మానసిక స్థితి, ఒంటరిగా ఇళ్లకు వెళ్లేటప్పుడు జాగ్రత్తలు. తెలుగు వాలంటీర్లు ఉన్న బ్యాచ్‌కు నేను ఒక పూట అదనంగా పెడతాను. మన పలకరింపు కోసం. కొత్త తెలుగు మనిషి ఎదురైతే మన నోటి నుంచి ముందు వచ్చేవి: మీదేవూరు, ఇంటిపేరేమిటి, ఆయన ఏ కంపెనీ, ఇక్కడ ఇల్లు కొన్నారా, రెండోవాళ్లు ఎప్పుడు? మనకివి కలుపుకోలు మాటలే. ఆ ఇంట్లో మాత్రం ఒక్కో ప్రశ్న ఒక్కో తలుపు మూస్తుంది. ఇంటిపేరు అడిగితే కులం కనుక్కుంటున్నారని అర్థమవుతుంది. కులాంతర పెళ్లి చేసుకుని పుట్టింటితో మాటల్లేని అమ్మాయికి 'అమ్మగారు పురుటికి రాలేదా?' అన్న ఒక్క మాట చాలు. ఈ ఐదు ప్రశ్నలు అడగకుండా ముప్పై నిమిషాలు మాట్లాడమని ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాం. మొదట్లో తడబడతారు. తర్వాత బిడ్డ గురించి, నిద్ర గురించి, చలి గురించి మాటలు దొర్లుతాయి.

'మా కాలంలో' అన్న మాట కూడా వదిలేయాలి. ఎలా పిలిపించుకోవాలో కూడా మాట్లాడుకుంటాం. యాభై దాటిన వాలంటీర్‌ను తల్లి 'ఆంటీ' అందంటే ఇద్దరూ తెలియకుండానే అత్తాకోడళ్ల వరసలోకి జారతారు: ఆమె సలహా చెబుతుంది, ఈమె తల వంచుకుని వింటుంది. 'అక్కా' అనిపించుకోమంటాను, వయసు తేడా ఎంతున్నా. వాలంటీర్ తల్లిని పిలిచేది పేరు పక్కన 'గారు', లేదంటే 'మీరు'. చనువు వచ్చాక ఆమె ఎలా పిలవమంటే అలా.

ఇప్పుడు మ్యాచింగ్. ఒకవైపు వేచి ఉన్న కుటుంబాల కాగితాలు, ఇంకోవైపు ఖాళీగా ఉన్న వాలంటీర్ల కాగితాలు. చూసే వరస ముఖ్యం. స్వభావాలు కలుస్తాయా అన్నది అందరూ ముందు చూడాలనుకుంటారు, మేం దాన్ని చివర పెడతాం. మొదట చూసేది రోజు, వేళ, దూరం. బస్సులో నలభై నిమిషాలకు మించిన ఇంటికి ఎంత మంచి వాలంటీరైనా జనవరి వర్షంలో నాలుగో వారం నుంచి మానడం మొదలుపెడతారు. అలాగని మరీ పక్కవీధి కూడా వద్దు. సూపర్ మార్కెట్‌లో వారానికి రెండుసార్లు ఎదురుపడితే ఆ తల్లికి తన కష్టం తెలిసిన మనిషి నుంచి తప్పించుకునే చోటుండదు. ఒకే స్కూలు గేటు దగ్గర నిలబడే ఇద్దరిని కూడా కలపం.

తర్వాత కుదరనే కుదరని విషయాలు: ఆ ఇంట్లో కుక్క ఉండి వాలంటీర్‌కు అలర్జీ, ఇంట్లో సిగరెట్ పొగ, లిఫ్టు లేని మూడో అంతస్తుకు మోకాళ్ల నొప్పులున్న మనిషి. గర్భంతో ఉన్న వాలంటీర్‌ను పసిపిల్లల ఇంటికి పంపేముందు ఆమెకు చికెన్‌పాక్స్ వచ్చిందా లేదా అడగాలి. రాకపోతే, ఆ ఇంట్లో ఎవరికైనా చికెన్‌పాక్స్ వచ్చినప్పుడు వాళ్ల పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా అక్కడికి వెళ్లకూడదు.

ఆ తర్వాత వాలంటీర్ తన జీవితంలో ఏం మోస్తున్నారో చూడాలి. పుట్టిన బిడ్డను పోగొట్టుకున్న మనిషి అదే దుఃఖంలో ఉన్న తల్లికి బాగా తోడవుతారని అనిపిస్తుంది. కొన్నేళ్ల తర్వాతైతే కావచ్చు. గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో తెలియకుండా పోతుంది. పెద్ద దుఃఖం తగిలి ఏడాది కూడా కానివాళ్లను శిక్షణకే కొంత ఆగి రమ్మంటాం. కవలల ఇంటికి కవలల్ని పెంచిన మనిషిని పంపడం మాత్రం దాదాపు ఎప్పుడూ బాగుంటుంది. ఆ అలసట ఒంటికి తెలిసినవాళ్లు ఏ సలహా చెప్పకుండా ఒకరిని ఎత్తుకుని కూర్చుంటారు.

భాష సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తెలుగు తల్లి, తెలుగు వాలంటీర్ ఖాళీగా ఉన్నారు, ఇంకేం కావాలి అనుకుంటారు హెల్త్ విజిటర్లు. మేం అలా అనుకోం, తల్లినే అడుగుతాం. కొందరికి తెలుగు మాట వినపడితేనే కన్నీళ్లొస్తాయి, వాళ్లకు తెలుగు మనిషే కావాలి. కొందరు వెంటనే 'మనవాళ్లు వద్దండీ' అంటారు. వాళ్ల భయంలో అర్థముంది. ఇక్కడ మన సమూహం చిన్నది. ఒకే అపార్ట్‌మెంట్ గ్రూపు, ఒకే సంక్రాంతి సంబరాలు, ఒకే బతుకమ్మ, ఒకే గుడి, ఒకే ఇండియన్ స్టోర్. వచ్చే వాలంటీర్ భర్త, తన భర్త ఒకే కంపెనీలో పనిచేస్తూ ఉండొచ్చు, ఒకరు రెండోవాళ్లకు మేనేజరే కావొచ్చు. ఇక్కడ అన్న మాట రెండు రోజుల్లో విజయవాడలో ఉన్న అత్తగారికి చేరుతుందన్న అనుమానం ఉన్నచోట ఏ తల్లీ నోరు విప్పదు.

అందుకే తెలుగు–తెలుగు మ్యాచ్‌కు ఒక అదనపు మెట్టు పెట్టుకున్నాం. ఇద్దరి పేర్లూ చెప్పకముందే, ఇద్దరితో విడివిడిగా మాట్లాడి ఏయే గ్రూపుల్లో ఉన్నారు, ఏ గుడికి వెళ్తారు, భర్త ఏ కంపెనీలో, పిల్లలు ఏ బడిలో అన్నవి కనుక్కుని మేమే సరిచూసుకుంటాం. ఒక్కటి కలిసినా ఆపేస్తాం. ఏదీ కలవకపోతే తల్లికి ఇంతవరకే చెబుతాం: నలభై దాటిన మనిషి, ఇద్దరు పెద్ద పిల్లలున్నారు, తెలుగు మాట్లాడతారు, మీ వీధికి పావుగంట బస్సు దూరం. సొంతూరు, జిల్లా, ఇంటిపేరు మేం చెప్పం. చెప్పుకోవాలనిపిస్తే వాళ్లే చెప్పుకుంటారు. తల్లి సరేనన్నాకే మొదటి పేరు.

తెలుగువాళ్లు వద్దన్న తల్లికి పంజాబీ మనిషో, పోలిష్ మనిషో, ఇంగ్లీషు మనిషో వెళ్తారు. ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఈ మ్యాచ్‌లు బాగా నడుస్తాయి. లైబ్రరీలో పిల్లల పాటల గంటకు, చర్చి హాల్లో తల్లులూ పిల్లలూ కలిసి ఆడుకునే స్టే అండ్ ప్లేకు మొదటిసారి కలిసి వెళ్లడానికి ఆ ఊరి మనిషి తోడుంటే తల్లికి ధైర్యం. ఇంగ్లీషులో మాట్లాడటం కూడా ఆమెకు తెలియకుండానే అలవాటవుతుంది. కాకపోతే వాలంటీర్‌ను పంపేముందు అరగంట కూర్చోబెట్టి బాలింత ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. నలభై రోజులు గడప దాటకపోవడం, చెవుల్లో దూది, తలకు గుడ్డ, కారం తగ్గించిన పథ్యం, బిడ్డకు నూనె మర్దన, సాంబ్రాణి పొగ, బుగ్గన దిష్టి చుక్క, బారసాల రోజు ఇంటినిండా జనం. ఇవి తెలియని మనిషి ఆమెను ఇంట్లో బంధించారని రిపోర్టు రాసే ప్రమాదం ఉంది.

దాంతోపాటే చెప్పాల్సింది ఇంకోటి: ఆచారమని తెలిసిన వెంటనే అడగడం మానెయ్యకూడదు. నలభై రోజులు బయటికి రాకపోవడం ఆచారం. నాలుగు నెలలైనా సిమ్ కార్డు, ఇంటి తాళం చెయ్యి ఆమె దగ్గర లేకపోవడం ఆచారం కాదు. ఏది దేనికిందికి వస్తుందో తేల్చడం వాలంటీర్ పని కాదు, అదే రోజు మాకు ఫోన్ చెయ్యడం వాళ్ల పని. కాటుక సంగతి కూడా అంతే. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది కాబట్టి కళ్లకు పెట్టొద్దని ఇక్కడి వైద్యులు చెబుతారు. ఆ మాట చెప్పాల్సింది హెల్త్ విజిటర్. వాలంటీర్ చెబితే ఆ ఇంటి పెద్దావిడతో మొదటి వారమే పేచీ.

పరిచయానికి వెళ్లేటప్పుడు ముగ్గురం ఉంటాం: తల్లి, వాలంటీర్, నేను. నలభై ఐదు నిమిషాలు చాలు. వాలంటీర్‌ను బయట పది నిమిషాల ముందు కలుస్తాను, ఇద్దరం కలిసే లోపలికి వెళ్తాం. చెప్పులు విప్పడం, చేతులు కడుక్కోవడం, బిడ్డను తల్లి ఇస్తేనే ఎత్తుకోవడం. ఒక కాగితం మీద రోజు, వేళ, ఏం చేస్తారు, ఏం చెయ్యరు, రాలేకపోతే ఎవరికి చెప్పాలి, ఎప్పటిదాకా అన్నవి రాస్తాం. ఆ చివరి గడిలో ఒక నెల పేరు మొదటిరోజే రాయడం చాలామందికి మనసొప్పదు, ఇప్పుడే వచ్చి ఎప్పుడు వెళ్లిపోతారో చెప్పడమేమిటని. కానీ ఆ గడి ఖాళీగా ఉంచిన మ్యాచ్‌లే చివర్లో బాధపెట్టేలా ముగుస్తాయి. మర్నాడు ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి నచ్చారా అని అడుగుతాను. 'ఫర్వాలేదండీ' అన్న జవాబును ఔను కింద రాసుకోను. 'ఇంకొకరిని చూడమంటారా?' అని అడిగితే అప్పుడు తెలుస్తుంది. వద్దనుకుంటే కారణం చెప్పనక్కర్లేదు, రెండోవాళ్లకు వేళలు కుదరలేదని మేం చెబుతాం.

మొదటి ఆరు వారాల్లోనే ఎక్కువ మ్యాచ్‌లు జారిపోతాయి. వాలంటీర్ లోపలికి వెళ్లేముందు, బయటికొచ్చాక మాకు ఒక్కో మెసేజ్ పెట్టాలి. అనుకున్న వేళ దాటి అరగంటైనా రెండోది రాకపోతే మేం ఫోన్ చేస్తాం. ప్రతి రాక తర్వాత నాలుగు వాక్యాల నోట్. మొదటిసారి వెళ్లొచ్చిన 48 గంటల్లో, మూడో వారంలో, ఆరో వారంలో మేం మాట్లాడతాం. చెడే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. రెండు గంటలు మూడవుతాయి, మూడు ఐదవుతాయి. వాలంటీర్ వచ్చేటప్పుడు పప్పుచారు, కూర డబ్బాలు తెస్తారు, ఖాళీ డబ్బాలు పంపకూడదని తల్లి రాత్రి పదింటికి స్వీటు చేస్తుంది. వచ్చేది ఆమె భారం దించడానికి, ఇప్పుడు ఆమెకు ఇంకో పని తగిలింది. టీ తాగొచ్చు, బిస్కెట్ తినొచ్చు, భోజనాలు వద్దు, డబ్బాలు వద్దు. అప్పు ఇవ్వడం, బంగారం దాచిపెట్టడం, ఫేస్‌బుక్‌లో స్నేహితులు కావడం ఏవీ వద్దు. జీపీ దగ్గర వాలంటీర్ అనువాదం చెప్పకూడదు. ఆసుపత్రి, క్లినిక్ ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ను ఇస్తాయి, ముందుగా అడిగి పెట్టుకోవడానికి సాయపడొచ్చు.

ఇంకో చిక్కు, తల్లి ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్తూ 'గంట చూసుకుంటారా అక్కా' అంటుంది. ఒక్కసారికేగా అనిపిస్తుంది. తల్లి ఇంట్లో లేనప్పుడు పిల్లల్ని చూసుకుంటే అది పిల్లల సంరక్షణ కిందికి వస్తుంది, మా ఇన్సూరెన్స్ దాన్ని మొయ్యదు. ఈ మాట మొదటిరోజు కాగితంలో ఉంటే వాలంటీర్ కాదనడం తేలిక: 'నాకు ఇష్టమే కానీ ఆఫీసు వాళ్లు ఒప్పుకోరు' అని మా మీదికి తోసెయ్యమంటాం. మేమున్నది అందుకే.

తల్లి వరసగా రెండు వారాలు రావొద్దంటే అది ఆరోగ్యం బాలేకనో, వాలంటీర్ నచ్చకనో, ఇంట్లో ఎవరో వద్దన్నందుకో. మూడోసారికి ఆగకుండా నేనే ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే పంపిన హెల్త్ విజిటర్‌కు చెబుతాను. ఊరికే ఫైలు మూసేసి 'కుటుంబం ఆసక్తి చూపలేదు' అని రాసే పద్ధతి ఈ రంగంలో ఉంది, అది నాకు అస్సలు ఒప్పదు.

వేచి ఉన్న ఇళ్ల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సరైన మనిషి దొరకడానికి రెండు నెలలు పట్టొచ్చు. బిడ్డ పుట్టిన ఇంట్లో రెండు నెలలు చాలా పొడుగు. రెండు వారాలకోసారి పది నిమిషాలు ఫోన్ చేసి, ఎంతవరకు వచ్చిందో నిజం చెబుతాం. దగ్గర్లో స్టే అండ్ ప్లే ఎక్కడుందో, ఏ రోజో మెసేజ్ పెడతాం. 'వచ్చే వారం చూస్తాం' అని ఊరించకూడదు. అందుబాటులో ఉన్న ఒక్క వాలంటీర్‌ను, కుదరదని తెలిసీ పంపడం కన్నా ఇంకో మూడు వారాలు ఆగమని చెప్పడమే నయం. ఒకసారి చెడ్డ మ్యాచ్ చూసిన తల్లి రెండో మనిషికి ఒప్పుకోవడం చాలా అరుదు.

ముగింపు ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య వస్తుంది. రెండు నెలల ముందునుంచే వారం వారం రావడాన్ని పదిహేను రోజులకోసారి చేస్తాం. ఆ మధ్య వారంలో తల్లి ఒక్కతే పిల్లతో లైబ్రరీకి వెళ్లిరావాలి. బిడ్డకు జబ్బు చేసిన వారం, భర్త ఉద్యోగం పోయిన నెల, అమ్మావాళ్లు వెనక్కి వెళ్లే రోజులు తగిలితే ముగింపును వాయిదా వేస్తాం. చివరిరోజు మళ్లీ ముగ్గురం కూర్చుంటాం. ఏ నంబరుకు ఎప్పుడు ఫోన్ చెయ్యాలో రాసిన కాగితం ఫ్రిజ్ మీద అంటిస్తాం. మళ్లీ అవసరమైతే హెల్త్ విజిటర్ ద్వారా రానక్కర్లేదు, నేరుగా చెయ్యమంటాం. చీర పెట్టి పంపాలని తల్లికి, తీసుకోకపోతే నొచ్చుకుంటారని వాలంటీర్‌కు ఉంటుంది. పండో, పిల్ల గీసిన బొమ్మో తీసుకోవచ్చని ముందే చెప్పి ఉంచితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

తర్వాతి ఇంటికి పంపేముందు వాలంటీర్‌కు కనీసం మూడు వారాలు విరామం ఇస్తాం. ఆ మధ్యలో ఒకసారి కూర్చుని మాట్లాడి, ఏ రోజు, ఏ వేళ, ఎంత దూరం అన్న కాగితం మళ్లీ మొదటినుంచి నింపిస్తాం. ఏడాది గడిచేసరికి వాళ్ల ఇంటి వేళలూ మారిపోయి ఉంటాయి.